మంచు కరిగిన పెట్టె

తూకాలు తెలిసిన ఇంట్లో పుట్టాను. బెల్లం ముద్దను అరచేతిలో ఎత్తి బరువెంతో చెప్పగలను, పెద్దగా తేడా రాదు. ఈ ఒక్క బరువు మాత్రం ఇన్నేళ్లుగా మోస్తూ కూడా ఎంతో చెప్పలేకపోతున్నాను.

దీన్ని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. గుళ్లో దేవుడి ముందు నిలబడి ఈ ఒక్కటీ తప్పించి మిగతా పాపాలన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. చూశారా, మొదట్లోనే అగ్గువకు, చవకగా పోయే దారి వెతుక్కున్నాను. నా బుద్ధి అంత.

మా బాపుది బోధన్‌లో కిరాణా దుకాణం. చుట్టూ చెరకు తోటలు, చక్కెర గోదాములు. వానాకాలంలో తడిసిన చక్కెర బస్తాలు అప్పుడప్పుడు అమ్మకానికి వచ్చేవి. పెద్ద షావుకార్లు వాటివైపు చూసేవాళ్లు కాదు. మా బాపు చూసేవాడు. బేరమాడి తెచ్చి, మిద్దె మీద చాపలు పరిచి ఎండబోసి, గడ్డలు చితకగొట్టి, "ఇది తడిసిన చక్కెర, అందుకే అగ్గువ" అని చెప్పి మరీ అమ్మేవాడు. "తడిస్తె రూపు పోతది గని తీపి పోతదా బిడ్డా" అనేవాడు. ఆ మాట చిన్నప్పుడే నాలో ఇంకిపోయింది. చెప్పి అమ్మాలన్న సగం మాత్రం ఇంకలేదు.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. కొనడానికొచ్చిన వాళ్లు తూకం మీద అనుమానపడితే ఆయనకు కోపం వచ్చేది కాదు. గిరాకీ ఎంత ఉన్నా సరే, తరాజు ఖాళీ చేసి, రెండు పళ్లాలూ సమంగా నిలిచాయని వాళ్ల కళ్ల ముందు చూపించి, మళ్లీ తూచేవాడు. "మల్ల తూకమెయ్యమంటె కాదన్నోడు దొంగనన్న అయితడు, దొంగ కాబోయేటోడన్న అయితడు" అనేవాడు. నేను పక్కన గోనెసంచి మీద కూర్చుని పుట్నాలు తింటూ వినేదాన్ని. నవ్వేదాన్ని కూడా.

నేను దుకాణంలో కూర్చోలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, కొన్నాళ్లు వేరేవాళ్ల దగ్గర పనిచేసి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో సొంతంగా ఒక ల్యాబ్ పెట్టుకున్నాను. ఒకవైపు పళ్ల డాక్టరు, ఒకవైపు స్కూటర్ల మెకానిక్కు, మధ్యలో నేను. రక్తం, మూత్రం, కఫం. అక్కడా నేను దుకాణందారు బిడ్డనే. సూదుల డబ్బాకీ బేరమే, దూదికీ బేరమే. అందరూ నా గురించి "ఈమె యముడొచ్చినా రేపు రమ్మని బేరమాడుతది" అని నవ్వుకునేవాళ్లు. నాకు అది మెచ్చుకోలుగానే వినపడేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్ కొత్త యంత్రం తెచ్చుకుని పాతది అమ్మేసింది. దాన్ని నేను కొన్నాను. వెలుగును కొలిచే మిషన్ అది. అది ఏం చేస్తుందో చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు.

రక్తంలో మనకు కావలసిన ప్రోటీన్ ఒకటి ఉంటుంది. వేలకొద్దీ వాటిలో అదొక్కటి. దాన్నే పట్టుకునే జిగురు లాంటిది ఒక ప్లేటులోని చిన్న చిన్న గుంతల్లో పూసి ఉంటుంది. రోగి రక్తంలోంచి తేరిన నీళ్లు, సీరం, పోస్తే ఆ ప్రోటీన్ అక్కడ అంటుకుంటుంది, మిగతాదంతా కడిగేస్తాం. అంటుకున్నదాని మీద ఇంకొకటి అంటిస్తాం. చివర ఒక మందు పోస్తాం. ఆ మందు పడగానే గుంతలో వెలుగు పుడుతుంది. మంట ఉండదు, వేడి ఉండదు, కంటికి దాదాపు కనిపించదు. మిషన్ తన పెట్టెలో చీకటి చేసుకుని ఆ వెలుగును లెక్కపెడుతుంది. వెలుగు ఎక్కువైతే ప్రోటీన్ ఎక్కువ. తక్కువైతే తక్కువ. ఆ చివరి మందును మేం వెలుగు మందు అనేవాళ్లం.

అయితే ఎంత వెలుగుకు ఎంత ప్రోటీనో మిషన్‌కు పుట్టుకతో తెలియదు. మనం నేర్పాలి. కొలత ముందే తెలిసిన స్టాండర్డులను కొన్ని గుంతల్లో పోసి, ఇంత వెలుగంటే ఇంత అని చూపించాలి. ప్లేటు పెట్టిన ప్రతిసారీ చూపించాలి. బాపు తరాజు పళ్లాలు సమం చూసినట్టే అది. కానీ స్టాండర్డులు పోసిన గుంతలకు ఏ రోగి పేరూ ఉండదు. ఎవరూ వాటికి పైసలివ్వరు. నాకది వట్టి దండగలా కనిపించింది. ప్లేట్లు, మందులు, స్టాండర్డులు అన్నీ కలిపి వచ్చే కిట్టు తెరిచిన రోజు ఒక్కసారి నేర్పి, ఆ కిట్టు అయిపోయేదాకా ఆ లెక్కతోనే నడిపించేదాన్ని. కంట్రోల్ అని, జవాబు తెలిసిన సీరం ఒకటి ఉంటుంది. అదొక్కటి మాత్రం పెట్టేదాన్ని. అంతమాత్రం భయం ఉండేది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తప్పుడు పద్ధతి బాగానే నడవడం కంటే ప్రమాదం ఇంకోటి లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక గంగామణి.

బోధన్ దగ్గరి పల్లెటూరు ఆమెది. ఇరవై దాటి నాలుగైదేళ్లు ఉంటాయి. ఆమె, పెనిమిటి ఇద్దరూ చెరకు కొట్టడానికి పోయేవాళ్లు. తొలి కడుపు నిలిచింది. కానీ అందులో బిడ్డ లేదు. ముత్యాల గర్భం అంటారు. బిడ్డకు బదులు గర్భసంచిలో ద్రాక్షగుత్తుల్లాంటి నీటిబుడగలు పెరుగుతాయి. ఆమెను చూసే డాక్టరమ్మ అదంతా తీసేసి శుభ్రం చేసింది. కానీ ఎక్కడైనా కాస్త మిగిలిపోతే అది మళ్లీ మొలవొచ్చు, ఊపిరితిత్తులదాకా పాకొచ్చు. మిగిలిందో లేదో చెప్పేది ఒక్కటే: గర్భం ఉన్నప్పుడు రక్తంలో కనిపించే ప్రోటీన్. అది నెలనెలా తగ్గుతూ పూర్తిగా పోవాలి. పోకపోయినా, పోయి మళ్లీ వచ్చినా, వెంటనే మందులు మొదలుపెడితే బతుకుతారు, తరవాత పిల్లలు కూడా పుడతారు. ఆలస్యమైతే చెప్పలేం. ఆ పరీక్ష చేసేది నేను. అంటే, గంగామణి ఇల్లు పిల్లలతో నిండుతుందా లేదా అన్నది నా గుంతలో పుట్టే వెలుగు మీద ఆధారపడి ఉంది.

ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని మీతో అనను.

నెలనెలా వచ్చేది. వచ్చినప్పుడల్లా చెరకు ముక్కలో, పచ్చి బఠాణీలో కొంగున కట్టుకొచ్చేది. అంకె తగ్గుతూ వచ్చింది. ఇంకో నెలకు పూర్తిగా పోతుందనుకున్నాం. అప్పుడే ఎండలు ముదిరాయి. ఆ పరీక్ష కిట్టు అయిపోయింది.

కొత్త కిట్టును డీలరు మంచుగడ్డలు నింపిన థర్మాకోల్ పెట్టెలో బస్సుకు వేశాడు. బస్సు దారిలో పాడైంది. పెట్టె నా చేతికొచ్చేసరికి లోపల మంచు నీళ్లయింది. ఆ నీళ్లు కూడా వెచ్చబడ్డాయి. డీలరు ఫోన్లో వాపస్ పంపించమన్నాడు, ఇంకోటి పంపుతానన్నాడు. "అక్కా, అది మందు, తడిసిన బట్ట కాదు ఆరేసుకునేటందుకు" అన్నాడు. అతను నిజాయితీగానే చెప్పాడు. నేను వినలేదు. వాపస్ అంటే వారం ఆగాలి, రోగులు వేరే ల్యాబ్‌కు పోతారు. పైగా నా ముక్కుకు బేరం వాసన తగిలింది. ఉన్నదాన్నే సగానికి ఇచ్చెయ్యమన్నాను. పాడైతే నా పూచీ అన్నాను. గీచి గీచి ఒప్పించాను. ఫోను పెట్టేసి నాలో నేనే మురిసిపోయాను. తడిస్తే తీపి పోతుందా?

పెట్టె తెరిచిన రోజు స్టాండర్డులు పోసి మిషన్‌కు నేర్పాను. వెలుగు బాగానే వచ్చింది. చూడు, ఏమీ కాలేదనుకున్నాను. కానీ వేడి తగిలిన మందు వెంటనే చావదు. మెల్లగా నీరసపడుతుంది. కరెంటు కోతల్లో ఫ్రిజ్ ఆగినప్పుడల్లా ఇంకొంచెం. వెలుగు తగ్గుతూ ఉంటే మిషన్ మాత్రం మొదటి రోజు లెక్కతోనే చదువుతూ ఉంది. తక్కువ వెలుగు, కాబట్టి తక్కువ ప్రోటీన్. ఉన్నదే కొంచెమైతే, అసలు లేనట్టే. పాపం, దానికి నేర్పినంతే దానికి తెలుసు.

గంగామణి వచ్చిన రోజు పొద్దున కంట్రోల్ పెట్టాను. రావలసినదానిలో సగం వచ్చింది.

ఇక్కడ ఆగాలనిపిస్తోంది. ఆగితే మళ్లీ రాయలేను.

సగం వచ్చింది. నేను చూశాను. ఆ క్షణంలో చెయ్యాల్సిన పని నాకు బాగా తెలుసు. ఆ ప్లేటు పారబోసి, డాక్టరమ్మకు ఫోన్ చేసి, మందు పాడైంది, ఈ మధ్య ఇచ్చిన రిపోర్టులు నమ్మొద్దు అని చెప్పాలి. అలా చెబితే ఎందుకు పాడైందని అడుగుతుంది. సగం ధరకు కొన్న సంగతి బయటికొస్తుంది. నా పేరు పోతుంది. ఇంతా చేసి కంట్రోలే పాడైందేమో అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తేలికో! తరాజు ఒరిగితే తూకం రాయే తేలికైందేమో అనుకున్నట్టు.

గంగామణి రక్తంలో సున్నా వచ్చింది. అందరూ ఎదురుచూస్తున్నది ఆ సున్నా కోసమే. కాబట్టి నేను కూడా దాన్ని నమ్మాలనుకున్నాను.

మధ్యాహ్నం ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడింది. ఆ మాటలన్నీ నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"ఎంతొచ్చిందక్కా?"

"సున్నా."

"సున్నా అంటె మంచిదేనా?"

"మా బాపు గల్లపెట్టెల ఉంటె చెడ్డది. నీ రక్తంల ఉంటె మంచిది. ఇగ పండుగ చేస్కోపో."

ఆమె నవ్వలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"కని అక్కా, పొద్దుగాల లేస్తె కడుపుల తిప్పుతున్నది. మొదలు కడుపున్నప్పుడు ఎట్లుండెనో గట్లనే ఉన్నది."

"ఎండలు గట్లున్నయి మరి. నాకు గూడ తిప్పుతున్నది. నేనేమన్న నీళ్లోసుకున్ననా?"

"మా అత్త గూడ ఎండకే అంటున్నది. కని నా పెయ్యి నాకెర్కలేదా? ఇంకేదో ఉన్నది అక్కా లోపల. ఒక్కసారి మల్ల సూడరాదు. గా రక్తం ఉన్నది గద నీ తాన."

"మల్ల సూసుడంటె మల్ల పైసలు."

"సగం తీస్కో."

"సగం పైసలకు మిషన్ గూడ సగమే చెప్తది."

అప్పుడు నవ్వింది. చేత్తో నోరు మూసుకుని నవ్వింది. "నీతోని బేరంల ఎవ్వలు గెలుస్తరక్కా" అంది. రిపోర్టు కాగితాన్ని మడిచి, కళ్లకద్దుకుని, జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

సగమే చెప్తది. ఆ మాట నా నోటికి ఎందుకొచ్చింది? పొద్దున నేను చూసిన సగమే మధ్యాహ్నం వేళాకోళమై బయటికొచ్చిందా? నిజం ఎలాగోలా బయటపడాలని చూసిందా, లేక నేనే దాన్ని నవ్వులాటలో పెట్టి అమ్మేశానా? ఎన్నిసార్లు అడుక్కున్నానో. ఒకటి మాత్రం తెలుసు. మళ్లీ తూకం వెయ్యమని అడిగిన మనిషిని నేను నవ్వించి పంపించాను. మా బాపు అన్న ఆ రెండు రకాల మనుషుల్లో నేను ఏ రకమో మీరే చెప్పండి.

ఇంతవరకే అయితే పొరపాటు అనొచ్చేమో. ఇంతవరకే కాదు.

మనసు ఊరుకోలేదు. డీలరును ఇంకో కిట్టు పంపమన్నాను, ఈసారి పూర్తి ధరకు. మంచు గట్టిగా ఉండగానే పెట్టె వచ్చింది. గంగామణి సీరం ఇంకా ఫ్రీజర్లో ఉంది. తలుపు దగ్గరగా వేసి, స్టాండర్డులన్నీ పద్ధతిగా పోసి, ఆమె సీరం మళ్లీ పెట్టాను. మళ్లీ తూచాను. ఆమె ఎదురుగా లేనప్పుడు.

వెలుగు వచ్చింది.

పెద్ద అంకె కాదు. కానీ సున్నా కాదు. కిందటి నెల కంటే ఎక్కువ. లోపల ఏదో ఉందని ఆమె ఒంటికి, ఆమె మాటలో పెయ్యికి, తెలిసింది. ఇప్పుడు నాకూ తెలిసింది. లోకంలో తెలిసింది మా ఇద్దరికే. అందులో ఒకరికి అబద్ధమని నేనే చెప్పి పంపించాను.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఇంకో నెల అయితే ఆమే వస్తుంది కదా, అప్పుడు మంచి మందుతో చేస్తే ఉన్నదున్నట్టు బయటపడుతుంది, రోగం అప్పుడే మొలిచిందనుకుంటారు, నా మీదికి ఏదీ రాదు, ఆమెకూ ఒక్క నెలే ఆలస్యం. అంతా లెక్క వేసుకున్నాను. ఎంత బాగుందో చూడండి ఆ బేరం. ఆమె ప్రాణంలోంచి ఒక్క నెల ఆమెను అడక్కుండానే తీసుకుని నా పేరు నిలబెట్టుకున్నాను.

నెల తిరిగింది. ఆమె రాలేదు. బోధన్ నుంచి ఎవరొచ్చినా తలుపు వైపు చూసేదాన్ని. రాలేదు. సున్నా వచ్చింది కదా అని ఇంట్లోవాళ్లు ఇంక ఎందుకు ఛార్జీలు దండగన్నారట. డాక్టరమ్మ రమ్మన్నా పోలేదట. ఇవన్నీ తరవాత తెలిశాయి. ఊరు తెలుసు నాకు. డాక్టరమ్మకు ఒక్క ఫోన్ చేస్తే చాలు, మనిషిని పంపించేది. నేనే బస్సెక్కితే, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావొచ్చు. ఎక్కలేదు.

వానలు పడ్డాక ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం పడింది. ఎవరో క్షయ అన్నారు, ఆ మందులు కొన్నాళ్లు మింగింది. చివరకు హైదరాబాద్ తీసుకెళ్లేసరికి అది ఊపిరితిత్తుల్లో ఉంది. అప్పుడు డాక్టరమ్మ నాకు ఫోన్ చేసింది. గొంతులో అనుమానం లేదు, బాధే ఉంది. "ఆ చివరి రిపోర్టు సరిగ్గానే ఉందా అమ్మా?" అని అడిగింది. నిజం చెప్పుకోవడానికి తలుపు తెరిచి నా ముందు పెట్టింది. నేను "కంట్రోల్ కూడా కరెక్టుగా వచ్చింది మేడం" అన్నాను. తడబడలేదు. వెనకాల మెకానిక్కు స్కూటర్‌ను రేజ్ చేస్తున్నాడు. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా గొంతు నాకే వినిపిస్తుంది.

గంగామణి బతికింది. నెత్తి మీద వెంట్రుక లేకుండా పోయేదాకా మందులు ఎక్కించారు. మధ్యలో రక్తస్రావం ఆగకపోతే గర్భసంచి తీసేశారు. అంత ఆలస్యం కాకపోతే అది ఉండేదా? ఉండేదేమో. ఉండకపోయేదేమో. ఆ 'ఏమో' పట్టుకుని ఎన్నేళ్లు వేలాడానో! నేను దాచిన నిజం లేకుండా ఎవరు మాత్రం దానికి జవాబు చెప్పగలరు?

కొన్నేళ్ల తరవాత వచ్చింది. అత్తకు షుగర్ పరీక్ష చేయించడానికి. చిక్కిపోయింది, జుట్టు పొట్టిగా, ఉంగరాలు తిరిగి ఉంది. నేను గుర్తుపట్టనట్టు తల వంచుకున్నాను. ఆమే పలకరించింది.

"యాదికున్ననా అక్కా? గంగామణిని."

"ఎందుకు లేవు. కూసో."

సంచిలోంచి బెల్లం ముద్ద తీసి బల్ల మీద పెట్టింది. తమ ఊరి చెరకుదే, ఈ ఏడు బాగా కుదిరిందంది. మాటల మీద చెప్పుకొచ్చింది. అక్కడా ఇక్కడా అందరూ నిజామాబాద్ ల్యాబే తప్పు చూసిందన్నారట. ఆమె ఒప్పుకోలేదట.

"నేనే అన్న, గా అక్క బేరంల గట్టిది గని పనిల గట్టిదే అని. నువ్వు సక్కగనే చెప్పినవు. అప్పుడు సున్నానే ఉండె. ఎనకొచ్చింది నాకు. నా కర్మ. గప్పుడు నిన్ను మల్ల సూడుమని సతాయించిన గద, నా పెయ్యే నాకు అబద్ధం చెప్పింది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను. "అత్తకు పొద్దున్నే పరిగడుపున తీసుకరావాలె" అన్నాను. ఆమె వెళ్లాక బెల్లం ముద్దను లోపల పెడదామని ఎత్తాను. ఎత్తగానే నా అరచెయ్యి బరువు చూసింది. రెండు కిలోలకు కొంచెం పైన. అలవాటు. సిగ్గుతో అక్కడే కూర్చుండిపోయాను. దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదు. పారెయ్యనూ లేదు. చీమలు పట్టి కరిగి, అట్టుకట్టి, ఆఖరికి ఆ చోట ఒక నల్లటి మరక మిగిలింది.

ల్యాబ్ అమ్మేశాను. చేతుల్లో శక్తి తగ్గిందని చెప్పుకున్నాను. కొన్న అబ్బాయికి మాత్రం ప్లేటు పెట్టిన ప్రతిసారీ స్టాండర్డులు పొయ్యమని పదేపదే చెప్పాను. అతను నన్ను పద్ధతి గల మనిషి అనుకున్నాడు. సరే అనుకోనిచ్చాను.

ఇప్పుడు ఇదంతా రాస్తూ నన్ను నేను ఒకటి అడుగుతున్నాను. బోధన్ బస్సు ఇంకా నడుస్తూనే ఉంది కదా, ఆమె ఇంటి ముందు దిగి చెప్పకుండా ఈ కాగితాల మీద ఎందుకు చెబుతున్నాను? ఆమెకు చదువు రాదు. అది తెలిసే రాస్తున్నాను. ఇదీ సగం ధరకు కొంటున్న మంచు కరిగిన పెట్టెనే. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అడగను. మీరు క్షమించినా అది మీ సరుకు కాదు ఇవ్వడానికి. అయినా రాశాను. రాస్తుంటే, ఇన్నేళ్లుగా ఒకవైపే ఒరిగి ఉన్న తరాజు పళ్లెం కొంచెం కదిలినట్టయింది. సమం కాలేదు. కదిలింది, అంతే.

మిగిలింది ఒక్క మాట. ఆమె ముందు నిలబడి అనాల్సింది. ఏదో ఒక రోజు అంటానని మాట కూడా ఇవ్వను, నా మాట విలువ మీరు చూశారు కదా. ఇక్కడైతే ఒకసారి అని చూస్తాను.

ఆ రోజు సున్నా కాదు, గంగామణీ. నీ పెయ్యి నీకు అబద్ధం చెప్పలేదు. చెప్పింది నేను.